ఒకే ప్రోగ్రామ్‌లో నాలుగు విండోలు తెరిచారా? మౌస్ ముట్టకుండా మారండిలా

నెలలో 14వ తారీఖు దాటిందంటే జీఎస్టీ పని చేసేవాళ్ల స్క్రీన్ మీద ఏముంటుందో చూడకుండానే చెప్పేయొచ్చు. పోర్టల్ నుంచి దించుకున్న టూబీ (అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల లెక్క) ఒక ఎక్సెల్. పార్టీ, అంటే మనం లెక్కలు చూసే వ్యాపారి, పంపిన పర్చేజ్ రిజిస్టర్ ఇంకో ఎక్సెల్. కిందటి నెల తేలకుండా మిగిలిపోయిన బిల్లుల లిస్టు మూడోది. తేడాలన్నీ రాసుకునే షీటు నాలుగోది. నెలనెలా వేసేవాళ్లయితే 20లోపు త్రీబీ అనే రిటర్న్ వేసెయ్యాలి. ఈలోగా ఈ నాలుగింటి మధ్య ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతామో లెక్కే ఉండదు.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు ప్రతిసారీ మౌస్ పట్టుకుని కిందికి వెళ్లి, టాస్క్‌బార్ మీద ఎక్సెల్ గుర్తు దగ్గర ఆగి, చిన్న బొమ్మలు పైకి లేచేదాకా చూసి, అందులో ఏది ఏదో కళ్లు చికిలించి వెతికి నొక్కేవాడు. "ఆల్ట్ ట్యాబ్ కొట్టొచ్చు కదయ్యా" అన్నాను. "కొడితే వాట్సాప్ వస్తోంది సార్. మళ్లీ కొడితే ట్యాలీ, ఆ తర్వాత క్రోమ్. నాక్కావలసిన ఎక్సెల్ వచ్చేసరికి దాన్ని దాటేసి పోతున్నా" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ఆల్ట్ ట్యాబ్‌కు ఏ విండో ఏ ప్రోగ్రామ్‌దో పట్టదు. ఏది ఆఖరున చూశారో దాన్ని ముందు నిలబెట్టి, మిగతావన్నీ ఒకే క్యూలో పెడుతుంది. ఒకే ప్రోగ్రామ్ విండోల మధ్య తిరగాలంటే ఆ ఇంట్లోనే తిప్పే కీలు వేరే ఉన్నాయి. మీరు ఎక్కువగా ఏ ప్రోగ్రామ్‌లో కూర్చుంటారో దాని కీ ఒక్కటి ముందు చేతికి ఎక్కించుకోండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఎక్సెల్, వర్డ్ వాడేవాళ్లకు: కంట్రోల్ + ఎఫ్6

ముందు ఉత్తుత్తి ఫైళ్ల మీద చేసి చూడండి. ఎక్సెల్‌లో ఒక ఖాళీ వర్క్‌బుక్ తెరిచి కంట్రోల్ + ఎన్ రెండుసార్లు కొట్టండి. మొత్తం మూడు ఖాళీ వర్క్‌బుక్‌లు అవుతాయి. మొదటిదాంట్లో ఏ1 సెల్‌లో "ఒకటి" అని, రెండోదాంట్లో "రెండు" అని, మూడోదాంట్లో "మూడు" అని రాయండి. ఇప్పుడు కంట్రోల్ పట్టుకుని ఎఫ్6 ఒకసారి కొట్టండి. ఇంకో వర్క్‌బుక్ ముందుకొస్తుంది. మళ్లీ కొడితే మూడోది. మళ్లీ కొడితే బయల్దేరిన చోటికే. షిఫ్ట్ కూడా కలిపి కంట్రోల్ + షిఫ్ట్ + ఎఫ్6 కొడితే వెనక్కి తిరుగుతుంది. మధ్యలో వాట్సాప్ మెసేజ్ చూసొచ్చినా, క్రోమ్ తెరిచి మూసినా ఈ చక్రంలోకి బయటివాళ్లెవరూ రారు.

ఎక్సెల్‌లో కంట్రోల్ + ట్యాబ్ కూడా ఇదే పని చేస్తుంది, చేతికి ఇంకా దగ్గర కూడా. నేను ఎక్సెల్‌లో అదే కొడతాను. కానీ ఆ అలవాటు వర్డ్‌లోకి తీసుకెళ్లకండి. వర్డ్‌లో టేబుల్ లోపల ఉండి కంట్రోల్ + ట్యాబ్ కొడితే విండో మారదు, ఆ గడిలో ట్యాబ్ ఖాళీ పడుతుంది. రెండింటికీ ఒకే అలవాటు కావాలంటే కంట్రోల్ + ఎఫ్6 మేలు. పవర్‌పాయింట్‌లోనూ అదే పని చేస్తుంది.

ఇప్పుడు అసలు పనిలో ఇది ఎలా కలుస్తుందో చూడండి. పర్చేజ్ రిజిస్టర్‌లో ఉన్న బిల్లు నంబరు టూబీలో ఉందో లేదో చూడాలి. బిల్లు నంబరు సెల్ మీద ఉండి కంట్రోల్ + సీ. కంట్రోల్ + ట్యాబ్, టూబీ వచ్చింది. కంట్రోల్ + ఎఫ్, వెతికే పెట్టె తెరుచుకుంది. కంట్రోల్ + వీ, ఎంటర్. దొరికితే ఆ లైన్ మీదికి వెళ్తుంది. ఎస్కేప్ కొట్టి పెట్టె మూసి, కంట్రోల్ + షిఫ్ట్ + ట్యాబ్‌తో వెనక్కి రిజిస్టర్‌కు. ఎడమ చెయ్యి కంట్రోల్ దగ్గరే ఉండిపోతుంది, కుడి చెయ్యి ఎంటర్‌కు, బాణాలకు మాత్రమే కదులుతుంది. వీలుకప్ ఫార్ములాతో కుదిరే పనికి ఇలా ఒక్కొక్కటీ వెతకమని నేను చెప్పను. కానీ ఫార్ములా తేల్చలేని బిల్లులు కొన్ని ఎప్పుడూ మిగులుతాయి. ఒకడు నంబరు ముందు సున్నాలు పెడతాడు, ఇంకొకడు గీత పెడతాడు. వాటిని కంటితో చూడాల్సిందే.

నాలుగైదు ఫైళ్లు మించితే చక్రం తిప్పడం విసుగే. అప్పుడు లిస్టు తెరవండి. ఆల్ట్ ఒకసారి నొక్కి వదిలెయ్యండి, తర్వాత డబ్ల్యూ, మళ్లీ డబ్ల్యూ. పట్టుకుని ఉండక్కర్లేదు, ఒకదాని తర్వాత ఒకటి కొడితే చాలు. తెరిచి ఉన్న ఫైళ్ల పేర్లు 1, 2, 3 అంకెలతో కనిపిస్తాయి. కావలసిన అంకె కొట్టండి. ఇది వ్యూ ట్యాబ్‌లో ఉండే స్విచ్ విండోస్ బటనే, కీబోర్డ్ దారిలో వచ్చాం అంతే. వర్డ్‌లోనూ ఇదే వరుస.

ఇంకో సంగతి. ఒకే ఫైలులో పై భాగం, కింది భాగం రెండూ చూస్తూ పని చేయాలంటే ఫైలుకు కాపీ తీయకండి. కాపీ తీసిన మరుక్షణం ఏది అసలు, ఏది నకలు అన్న గొడవ మొదలవుతుంది. ఆల్ట్, డబ్ల్యూ, ఎన్ కొట్టండి. అదే ఫైలుకు రెండో విండో వస్తుంది. టైటిల్‌లో పేరు చివర 1, 2 అని కనిపిస్తాయి. ఒక దాంట్లో మార్చింది రెండో దాంట్లోనూ మారుతుంది, ఎందుకంటే ఫైలు ఒకటే. వీటి మధ్య కూడా కంట్రోల్ + ఎఫ్6 తిరుగుతుంది.

ఏ ప్రోగ్రామ్‌కైనా పనికొచ్చేది: విండోస్ కీ + అంకె

నోట్‌ప్యాడ్, క్రోమ్, పీడీఎఫ్ తెరిచే ప్రోగ్రామ్, ఫోల్డర్లు, వీటన్నిటిలో ఎఫ్6 చిట్కా కుదరదు. అప్పుడు టాస్క్‌బార్‌నే కీబోర్డ్‌తో నొక్కాలి. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఈ సదుపాయం ఉంది. పక్కనే ఉన్నా చాలామందికి తెలియదు.

టాస్క్‌బార్ మీద స్టార్ట్ బటన్, సెర్చ్ లాంటివి వదిలేసి, ప్రోగ్రామ్‌ల గుర్తులను ఎడమ నుంచి లెక్కపెట్టండి. మొదటిది 1, రెండోది 2, అలా పదో దానికి 0. ఎక్సెల్ మూడోదైతే విండోస్ కీ పట్టుకుని 3 కొట్టండి. నాలుగు ఎక్సెల్ ఫైళ్లు తెరిచి ఉంటే విండోస్ కీ వదలకుండా 3 మళ్లీ మళ్లీ కొడుతూ పోండి. ఒక్కో దెబ్బకు ఒక్కో ఫైలుకు కదులుతుంది. కావలసిన దాని మీదికి రాగానే విండోస్ కీ వదిలెయ్యండి.

ఇందులో రెండు చిక్కులున్నాయి, ముందే చెప్పేస్తాను. ఒకటి, ఆ ప్రోగ్రామ్‌కు ఒకే విండో ఉండి, అది ఇప్పటికే ముందు ఉంటే, అంకె కొట్టగానే అది కిందికి దిగిపోతుంది. కంగారు పడకండి, మళ్లీ కొడితే పైకొస్తుంది. రెండోది, గుర్తుల వరుస ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉంటే అంకెలు గుర్తుండవు. అందుకే రోజూ వాడే మూడు నాలుగు ప్రోగ్రామ్‌లను టాస్క్‌బార్‌కు పిన్ చేసి, మౌస్‌తో లాగి ఒక వరుసలో పెట్టేయండి. నాకు 1 ఫోల్డర్లు, 2 క్రోమ్, 3 ఎక్సెల్, 4 ట్యాలీ. కంప్యూటర్ మార్చినప్పుడు కూడా ముందు ఈ వరుసే పెట్టుకుంటాను.

క్రోమ్‌లో ఏదో చూసి, ఇందాక వదిలిన ఎక్సెల్ ఫైలుకే నేరుగా పోవాలంటే కంట్రోల్ + విండోస్ కీ + 3. ఆ ప్రోగ్రామ్‌లో మీరు ఆఖరున ఉన్న విండోకే అది తీసుకెళ్తుంది. నాకైతే ఈ మొత్తంలో బాగా నచ్చింది ఇదే. నాలుగు బొమ్మల్లో ఏది తెరవాలా అని ఆలోచించే పనే ఉండదు.

మ్యాక్‌లో ఉన్నట్టు "ఇప్పుడున్న ప్రోగ్రామ్ విండోలు మాత్రమే తిప్పు" అనే ఒక్క కీ విండోస్‌లో పుట్టుకతో లేదు. ఆటోహాట్‌కీ లాంటి ఉచిత ప్రోగ్రామ్ వేసి, నాలుగు లైన్లు రాసి అలాంటి కీ తయారు చేసుకునేవాళ్లున్నారు. సొంత కంప్యూటర్ అయితే చేసుకోండి. ఆఫీసు కంప్యూటర్‌లో అడగకుండా ఏదీ వేయొద్దు.

ఆల్ట్ ట్యాబ్‌ను పూర్తిగా వదిలెయ్యాలా?

అక్కర్లేదు. రెండే ఫైళ్లయితే ఆల్ట్ ట్యాబ్ ఒక్కసారి కొట్టి వదిలితే చాలు, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వస్తారు. మధ్యలో మూడోది తెరవనంత వరకు బండి బాగానే నడుస్తుంది.

ఆల్ట్ పట్టుకుని ఉండటం వేళ్లకు కష్టంగా ఉంటే కంట్రోల్ + ఆల్ట్ + ట్యాబ్ కొట్టండి. విండోల బొమ్మలన్నీ స్క్రీన్ మీద నిలబడిపోతాయి, కీలు వదిలేసినా పోవు. బాణం కీలతో తీరిగ్గా కావలసిన దాని మీదికి వెళ్లి ఎంటర్ కొట్టండి. విండోస్ 10, 11లో అయితే అక్కడే డిలీట్ కొట్టి అక్కర్లేని విండోను మూసేయొచ్చు కూడా. సాయంత్రం పూట పదిహేను విండోలు పేరుకుపోయినప్పుడు నేను చీపురు పట్టేది ఇక్కడే.

ఆల్ట్ ట్యాబ్ కొడితే ఎడ్జ్ బ్రౌజర్ ట్యాబ్‌లు కూడా విడివిడిగా వచ్చి జనం ఎక్కువైపోయినట్టుంటే, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో మల్టీటాస్కింగ్ తెరవండి. ఆల్ట్ ట్యాబ్‌లో ట్యాబ్‌లు చూపించాలా అనే చోట విండోస్ 11లో అయితే "డోంట్ షో ట్యాబ్స్" పెట్టండి.

మ్యాక్ వాడేవాళ్లకు

మీ పని సులువు. కమాండ్ + ట్యాబ్ ప్రోగ్రామ్ నుంచి ప్రోగ్రామ్‌కు తీసుకెళ్తుంది. ఒకే ప్రోగ్రామ్ విండోల మధ్య తిరగడానికి కమాండ్ పట్టుకుని ట్యాబ్ కీకి సరిగ్గా పైన, 1 అంకెకు ఎడమ పక్కన ఉన్న ` కీ కొట్టండి. షిఫ్ట్ కలిపితే వెనక్కి.

బ్రిటన్ నుంచి ఎవరైనా తెచ్చిచ్చిన మ్యాక్ అయితే ఆ చోట వేరే గుర్తు ఉంటుంది. అక్కడి కీబోర్డ్‌లో ` కీ కిందికి దిగి ఎడమ షిఫ్ట్ పక్కన కూర్చుంటుంది. దాన్ని నొక్కండి, లేదా కీనే మార్చుకోండి. యాపిల్ గుర్తు నొక్కి సిస్టమ్ సెట్టింగ్స్, కీబోర్డ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్, అందులో మళ్లీ కీబోర్డ్ తెరిస్తే "మూవ్ ఫోకస్ టు నెక్స్ట్ విండో" అనే లైన్ కనిపిస్తుంది. దాని పక్కనున్న కీల మీద రెండుసార్లు క్లిక్ చేసి మీకు నచ్చినవి కొట్టండి.

మ్యాక్‌లో కొత్తవాళ్లు తికమకపడేది ఒకచోట. కమాండ్ + ఎం కొట్టి మినిమైజ్ చేసిన విండో ఈ చక్రంలోకి రాదు. "ఫైలు పోయింది" అని ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా చేసింది ఇదే. కంట్రోల్ + కింది బాణం కొట్టండి. ఇప్పుడున్న ప్రోగ్రామ్ విండోలన్నీ పరుచుకుంటాయి, మినిమైజ్ చేసినవి కింద చిన్నగా కనిపిస్తాయి. బాణాలతో వెళ్లి ఎంటర్ కొట్టండి. ఫుల్ స్క్రీన్ చేసిన విండోకు మాత్రం కంట్రోల్ పట్టుకుని ఎడమ, కుడి బాణాలతో వెళ్లాలి.

ఉబుంటు లాంటి లైనక్స్ వాడేవాళ్లకు ఆల్ట్ పట్టుకుని అదే ` కీ. గ్నోమ్ డెస్క్‌టాప్ ఈ కీని గుర్తుతో కాకుండా "ట్యాబ్ పైన ఉన్న కీ" అనే చూస్తుంది, కాబట్టి ఏ దేశం కీబోర్డ్ అయినా చోటు మారదు. కేడీఈ అనే ఇంకో లైనక్స్ డెస్క్‌టాప్‌లో కూడా ఆల్ట్ + ` పని చేస్తుంది.

బ్రౌజర్ విండోల గోల

బ్రౌజర్‌లో రెండు అంతస్తులుంటాయి. విండో ఒకటి, దాని లోపల ట్యాబ్‌లు. కంట్రోల్ + ట్యాబ్ ఆ విండో లోపలి ట్యాబ్‌లనే తిప్పుతుంది, గడప దాటదు. విండో మారాలంటే పైన చెప్పిన విండోస్ కీ + అంకె.

మూడు క్రోమ్ విండోల్లో ఇరవై ట్యాబ్‌లు తెరిచి, కావలసింది ఎందులో ఉందో మర్చిపోయారనుకోండి. కంట్రోల్ + షిఫ్ట్ + ఏ కొట్టండి, మ్యాక్‌లో కమాండ్ + షిఫ్ట్ + ఏ. వెతికే పెట్టె వస్తుంది. పేజీ పేరులో ఒక ముక్క టైప్ చేసి ఎంటర్ కొడితే అది ఏ విండోలో ఉన్నా నేరుగా అక్కడికి పోతారు. ఇంకా, ట్యాబ్‌ల పక్కన ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేస్తే "నేమ్ విండో" అని ఉంటుంది. దానికి "పోర్టల్", "బ్యాంకు" లాంటి పేర్లు పెట్టుకోండి, ఆల్ట్ ట్యాబ్‌లో ఆ పేర్లే కనిపిస్తాయి.

ఇద్దరు పార్టీల లాగిన్‌లు ఒకేసారి కావాలంటే రెండు విండోలు తెరిస్తే సరిపోదు. రెండింటికీ కుకీలు (లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న ఫైళ్లు) ఒకటే కాబట్టి రెండో లాగిన్ మొదటిదాన్ని చెడగొడుతుంది. క్రోమ్‌లో వేరే ప్రొఫైల్ తయారు చేసి అందులో తెరవండి. విండోస్‌లో ఒక్కో ప్రొఫైల్ టాస్క్‌బార్ మీద విడి గుర్తుగా కూర్చుంటుంది, కాబట్టి దానికి విడి అంకె కూడా దొరుకుతుంది.

ఫైలు పేరు ఎలా పెట్టాలి

ఇది షార్ట్‌కట్ కాదు, కానీ దీన్ని వదిలేస్తే షార్ట్‌కట్‌లతో తప్పులు ఇంకా వేగంగా చేస్తారు. నాకు అనుభవం. "పర్చేజ్ రిజిస్టర్ ఫైనల్ - మే", "పర్చేజ్ రిజిస్టర్ ఫైనల్ - జూన్" అని రెండు ఫైళ్లు ఉండేవి. కింద చిన్న బొమ్మల మీద రెండిటికీ "పర్చేజ్ రిజిస్టర్..." అనే కనిపించేది, నెల పేరు చుక్కల్లో కలిసిపోయేది. జూన్ అనుకుని మే ఫైలులో పదకొండు లైన్లు దిద్ది సేవ్ కొట్టి మూసేశాను. అవి ఏ పదకొండో వెతికి పట్టుకునేసరికి ఆ పూట అయిపోయింది.

అప్పటి నుంచి తేడా ఉన్న మాటే పేరు మొదట్లో పెడతాను. "జూన్ పర్చేజ్", "జూన్ టూబీ", "మే పర్చేజ్". ఎంత కుదించి చూపించినా మొదటి ముక్క కనిపిస్తుంది.

విండోస్ 11లో ఈ పేర్లు టాస్క్‌బార్ మీదే విడివిడిగా కనిపించాలంటే సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్ తెరిచి, బటన్లు కలపాలా అనే చోట "నెవర్" పెట్టండి. విండోస్ 11 వచ్చిన 2021లో ఈ సదుపాయం తీసేశారు, 2023లో మళ్లీ ఇచ్చారు. మీ దగ్గర ఆ లైన్ కనిపించకపోతే విండోస్ అప్‌డేట్ చేయాలి.

కొట్టినా పని చేయడం లేదా?

ఎఫ్6 కొడితే వెలుతురు తగ్గడమో, సౌండ్ పెరగడమో జరిగితే తప్పు మీది కాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో పై వరుస కీలకు మొదటి పని అదే. కంట్రోల్‌తో పాటు ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకుని ఎఫ్6 కొట్టండి. రోజూ మూడు కీలు పట్టుకోవడం చిరాకైతే ఎఫ్ఎన్ + ఎస్కేప్ ఒకసారి కొట్టి చూడండి. చాలా మోడళ్లలో ఎస్కేప్ కీ మీద చిన్న తాళం బొమ్మ ఉంటుంది, అది ఈ రెండు పనులను తారుమారు చేస్తుంది.

ఇంకో రకం తిప్పలు అరుదు గానీ వచ్చిందంటే అర్థం కాదు. రెండు ఎక్సెల్ ఫైళ్లు కళ్ల ముందే తెరిచి ఉంటాయి, కంట్రోల్ + ఎఫ్6 మాత్రం రెండో దానికి పోదు. ఆల్ట్, డబ్ల్యూ, డబ్ల్యూ కొడితే లిస్టులో కూడా దాని పేరు ఉండదు. అంటే ఎక్సెల్ ప్రోగ్రామే రెండుసార్లు విడివిడిగా నడుస్తోందన్నమాట. ఆల్ట్ పట్టుకుని ఎక్సెల్ తెరిస్తే "కొత్త ఇన్‌స్టెన్స్ మొదలుపెట్టాలా" అని అడుగుతుంది, దానికి యస్ కొడితే ఇలా అవుతుంది. కొన్నిసార్లు వేరే సాఫ్ట్‌వేర్ ఎక్సెల్‌ను తనే తెరిచినప్పుడూ ఇలాగే ఉంటుంది. ఆ రెండూ ఒకదానికొకటి తెలియని పక్కింటివాళ్ల లాంటివి. కనిపించని ఫైలును సేవ్ చేసి మూసేయండి. మిగిలిన ఎక్సెల్‌లోకి వచ్చి కంట్రోల్ + ఓ కొట్టి, అదే ఫైలును అక్కడి నుంచి తెరవండి. ఇప్పుడు కంట్రోల్ + ఎఫ్6 కొట్టి చూడండి, వస్తుంది.